గోడ దాటే వాసన, గడప దాటే బాధ్యత

గత శీతాకాలంలో ఒకనాడు అస్ర్ నమాజు ముగిసిన తరువాత మా మద్రసా విద్యార్థి ఒకని తండ్రి మమ్మల్ని కలిశారు. ఆయన కుటుంబం మదనపల్లెలో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, మొదటి అంతస్తులో అద్దెకు ఉంటున్నది. ఆయన ముఖంలో కోపమూ బాధా రెండూ కనిపించాయి.

"హజ్రత్, మా పై అంతస్తు వారికి మా వంట గిట్టడం లేదు. వాసన వస్తున్నదని మూడుసార్లు ఇంటి యజమానికి చెప్పినారు. ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని భయంగా ఉంది. మనం తినే తిండి మీదే వాళ్లకు ద్వేషం. మీరొకసారి వచ్చి మాట్లాడండి" అన్నారు.

మరునాడు వెళ్లాము. పై అంతస్తులో ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన ఒక పెద్దమనిషి, ఎనభై దాటిన ఆయన తల్లి ఉంటున్నారు. శాకాహార కుటుంబం. మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టారు. విషయం ఎత్తగానే ఆయన కొంత ఇబ్బంది పడ్డారు. మంచం మీద కూర్చున్న ఆ అవ్వే మాట అందుకున్నది.

"నాయనా, వాళ్లేమి వండుకుంటే నాకేమి? మా ఇంట్లో ఇంగువ వాసన వాళ్లకు పోదా? రాత్రిపూట మెట్ల మీది నుంచి సిగరెట్టు పొగ వస్తుంది. నాకు ఉబ్బసం. ఆ పొగకు ఊపిరాడదు. తెల్లవార్లూ దిండు కానుకొని కూర్చుంటాను. మావాడు మొహమాటపడి 'వాసన' అని మాత్రం చెప్పినాడు."

మా పక్కనే కూర్చున్న విద్యార్థి తండ్రి తల దించుకున్నారు. పిల్లలకు పొగ తగలకూడదని ప్రతి రాత్రీ ఇంటి తలుపు మూసి, మెట్ల మలుపు దగ్గర నిలబడి సిగరెట్టు కాల్చేది ఆయనే. తన పిల్లలను కాపాడుకున్న పొగ పైకెక్కి పరాయి తల్లి గుండెల్లోకి పోతున్నదని ఆయనకు తోచలేదు. మాకూ తోచలేదు. మా వాళ్ల తిండిని ద్వేషించే వారెవరో అన్న తలపుతోనే మేమూ ఆ మెట్లెక్కామని ఒప్పుకోవడం న్యాయం.

ఆనాటి నుంచి ఈ విషయాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాము. వాసన చిన్న సంగతిగా కనిపిస్తుంది. కానీ ఈనాడు ఒకే కప్పు కింద పది పన్నెండు కుటుంబాలు బ్రతుకుతున్న చోట స్నేహాలు చెడటానికి, అద్దె ఇళ్లు దొరకకపోవడానికి, ఒక మతం వారిపై మరొక మతం వారికి దురభిప్రాయం కలగటానికి ఇది ఒక కారణమవుతున్నది.

పెరడు పోయింది

మా బాల్యం పుంగనూరులో గడిచింది. పెంకుటింటి వెనుక పెరడు, పెరట్లో ఒక మూల వంటసాల. కట్టెల పొయ్యి మీద కూర ఉడికితే పొగ పెంకుల సందుల్లోంచి ఆకాశంలోకి పోయేది. వాసన పొరుగింటికి చేరినా గాలిలో కలిసి పలుచనై చేరేది. ఇప్పుడు గ్యాసు వచ్చింది, పొగ తగ్గింది. కానీ పెరడు పోయింది. మన వంటగది గోడకు అవతల వైపు మరొకరి పడకగది ఉన్నది. మన కిటికీకి ఎదురుగా మూడడుగుల సందు, ఆ సందులోకే అందరి కిటికీలూ.

మదనపల్లె గాలికి పూర్వం నుంచీ మంచి పేరుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. క్షయ రోగులకు మంచి గాలే ప్రధాన చికిత్సగా ఉన్న కాలంలో, వంద సంవత్సరాలకు పూర్వమే, ఈ ఊరి చెంత ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం వెలిసింది. దూరప్రాంతాల రోగులు ఇక్కడి గాలి పీల్చుకోవడానికి వచ్చేవారు. అటువంటి ఊరిలో ఒక వృద్ధురాలు తన ఇంట్లో కూర్చొని ఊపిరి కోసం తపించడం మనల్ని ఆలోచింపజేయాలి.

వాసన నడిచే దారి

వేడి గాలి పైకి పోతుంది. అపార్ట్‌మెంటులోని మెట్ల దారి, పైపులు దిగే సందు, లిఫ్టు గుంత, ఇవన్నీ పొగగొట్టాల వలె పనిచేస్తాయి. కింది అంతస్తులో లేచినది పై అంతస్తులకు చేరుతుంది. అందుకే ఫిర్యాదులు సాధారణంగా పైనుంచి వస్తాయి. పై వారికి మనపై కక్ష ఉన్నదని అనుకోవడానికి ముందు గాలి స్వభావాన్ని గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. వంట చేసేటప్పుడు ఉక్కపోస్తున్నదని వీధి తలుపు తెరిచి ఉంచుతారు. అప్పుడు వాసన వంటగది కిటికీ గుండా బయటికి పోవడానికి బదులు ఇల్లంతా తిరిగి మెట్ల దారిలోకి పోతుంది. ఎండుమిరపకాయల పోపు ఘాటు అటువైపు పోయినప్పుడు ఎదురింటి పసిబిడ్డ దగ్గుతాడు. ఆ దగ్గుకు మతమూ లేదు, ద్వేషమూ లేదు. మిరపలోని కారం గొంతును, ముక్కును మండించడం వల్ల వచ్చిన దగ్గు అది.

మదీనాలో ఒక రెండంతస్తుల ఇల్లు

పై అంతస్తు, కింది అంతస్తు మర్యాదలను గురించి మేము పిల్లలకు చెప్పే పాఠం ఒకటుంది. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో కొన్ని నెలలు బస చేశారు. అది రెండంతస్తుల ఇల్లు. వచ్చిపోయే వారికి అనువుగా ఉంటుందని ప్రవక్త (స) కింది భాగంలో ఉన్నారు. అబూ అయ్యూబ్ (రజి) దంపతులు పైన ఉన్నారు. ఒక రాత్రి పైన నీళ్ల కుండ పగిలింది. నీరు కిందికి కారితే అతిథికి ఇబ్బంది కలుగుతుందని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ నీటిని అద్దారు. ఆ రాత్రి కప్పుకోవడానికి వారికి మరొకటి లేదు.

అదే ఇంట్లో మరొక సంఘటన జరిగింది. ఒకనాడు వారు పంపిన భోజనాన్ని ప్రవక్త (స) ముట్టకుండా తిరిగి పంపారు. అబూ అయ్యూబ్ (రజి) కంగారుపడి వచ్చి, అది నిషిద్ధమా అని అడిగారు. కాదని, అందులోని వెల్లుల్లి వాసన తనకు ఇష్టం లేదని ప్రవక్త (స) చెప్పారు. ధర్మసమ్మతమైన ఆహారమే అయినా దాని వాసన ఒకరికి గిట్టకపోవచ్చునని ఈ సంఘటన తెలుపుతున్నది. వాసన గిట్టనివారు ఆహారాన్ని నిందించలేదు. వండినవారు దానిని అవమానంగా తీసుకోలేదు. ఈ రెండు గుణాలూ నేటి మన అపార్ట్‌మెంట్లకు కావలసినవే.

వెల్లుల్లి, ఉల్లి పచ్చిగా తిన్నవారు మసీదుకు దూరంగా ఉండాలన్న ఆదేశం మనలో చాలామందికి తెలుసు. తినదలచినవారు ఉడికించి వాసన పోగొట్టుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) సూచించారు. సమూహంలో ఉన్నప్పుడు ఒకరి వాసన మరొకరికి బాధ కాకూడదన్న నియమం మసీదు గోడల వద్ద ఆగిపోతుందా? మెట్ల దారి కూడా పదిమంది నడిచే చోటే కదా.

పొరుగువాని హక్కులను వివరించే ఒక ఉల్లేఖనంలో, కుండ వాసనతో పొరుగువానిని బాధించరాదని, వాసన వారికి చేరితే కూరలో కొంత పంపాలని ఉన్నది. దీని ఉల్లేఖకుల పరంపర బలహీనమైనదని హదీసు పండితులు చెప్పారు, కాబట్టి దీనిని ఆధారంగా నిలబెట్టము. కానీ కూరలో కొంచెం నీరు ఎక్కువ పోసి పొరుగువారిని పట్టించుకోవాలని హజ్రత్ అబూ జర్ (రజి)కు ప్రవక్త (స) చేసిన ఉపదేశం సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆ కాలంలో వాసన ఆకలిగొన్న పొరుగువానిని బాధించేది. ఈ కాలంలో గిట్టని పొరుగువానిని బాధిస్తున్నది. బాధ రూపం మారింది, పొరుగువాని హక్కు మారలేదు.

ఆ హక్కు ముస్లిం పొరుగువానికే పరిమితం కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో గొర్రెను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని పదేపదే అడిగారు.

న్యాయశాస్త్రం గీసిన గీత

తన ఇంట్లో తనకు నచ్చింది చేసుకునే హక్కు ప్రతి యజమానికీ ఉన్నదన్నది హనఫీ న్యాయశాస్త్రంలో మూల సూత్రం. అయితే ఆ పని పొరుగువానికి దుర్భరమైన హాని కలిగిస్తే దానిని ఆపవలసి ఉంటుందని తరువాతి పండితులు నిర్ణయించారు. ఉస్మానియా సామ్రాజ్యంలో అహ్మద్ జౌదత్ పాషా ఆధ్వర్యంలో 1869 నుంచి 1876 వరకు క్రోడీకరించిన 'మజల్లా' అనే న్యాయసంహితలో 1200వ నిబంధన సరిగ్గా ఈ విషయాన్నే ప్రస్తావిస్తుంది. ఇంటి పక్కన కొలిమి పెట్టి పొగతోనో, నూనె గానుగ పెట్టి దాని వాసనతోనో ఆ ఇంట్లో నివసించడం అసాధ్యమయ్యేలా చేస్తే అది తొలగించవలసిన హాని అని అక్కడ ఉన్నది. అసౌకర్యం వేరు, నివాసం అసాధ్యం కావడం వేరు. మొదటిదానికి సర్దుబాటు, రెండవదానికి నివారణ.

మన దేశపు సుప్రీంకోర్టు 1978లో గోవింద్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు కూడా ఇటువంటిదే. ఒక రొట్టెల తయారీదారుని పొయ్యి, పొగగొట్టం వల్ల చుట్టుపక్కల వారి ఆరోగ్యం దెబ్బతింటున్నదని కింది అధికారి వాటిని తొలగించమన్నాడు. ఆ చోట ఆ వ్యాపారమే చేయరాదని కూడా ఆజ్ఞాపించాడు. పొయ్యిని, పొగగొట్టాన్ని తొలగించాలన్న ఆజ్ఞను న్యాయస్థానం సమర్థించింది. వ్యాపారమే మానుకోవాలన్న ఆజ్ఞ మాత్రం అవసరానికి మించినదని తేల్చింది. పొగ పోవాలి, రొట్టె ఉండాలి. అపార్ట్‌మెంటులోనూ ఇదే కొలత సరిపోతుంది. పొరుగువారు మన నుంచి వాసన తగ్గించమని కోరవచ్చు. మన వంటే మానుకోవాలని కోరడం అవసరానికి మించినది.

పొగాకు సంగతి వేరు

వంట వాసననూ పొగాకు పొగనూ ఒకే గాటన కట్టరాదు. కూర వాసన గిట్టకపోతే ముక్కు మూసుకుంటాము, గంటలో పోతుంది. పొగాకు పొగ హాని చేస్తుంది. అందులో 7000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో సుమారు 70 కేన్సరు కలిగించేవి. ఇతరుల పొగను పీల్చడంలో ప్రమాదం లేని మోతాదు అంటూ లేదని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక స్పష్టం చేసింది. పొగ తాగకుండానే ఇతరుల పొగ వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

పొగాకు మన దక్కనుకు ఆలస్యంగా వచ్చిన అతిథి. పదిహేడవ శతాబ్దం తొలి సంవత్సరాల్లో బీజాపూరులో దానిని చూసిన అసద్ బేగ్ అక్బరు దర్బారుకు తీసుకుపోయాడు. 1617లోనే జహంగీరు దానిని నిషేధించాడు. ప్రవక్త (స) కాలంలో లేని వస్తువు కాబట్టి పండితులు దానిపై చర్చించారు. కొందరు మక్రూహ్ అన్నారు, హాని బాగా తేటతెల్లమైన తరువాత చాలామంది హరామ్ అన్నారు. ఆ చర్చ తాగేవాని సొంత శరీరాన్ని గురించినది. ఉబ్బసం ఉన్న అవ్వ ఊపిరిని అడ్డుకోవచ్చునని మాత్రం ఏ పండితుడూ అనలేదు.

2008 అక్టోబరు 2 నుంచి మన దేశంలో బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషిద్ధం, 200 రూపాయల వరకు జరిమానా. సొంత ఇంటి లోపలికి ఆ నిషేధం రాదు. కానీ మెట్లు, లిఫ్టు, మిద్దె అందరి ఉమ్మడి స్థలాలు. యజమానుల సంఘం వాటికి నియమం పెట్టుకోవచ్చు. నియమం లేకపోయినా మన మనస్సాక్షి ఉన్నది. కిటికీలో నిలబడి తాగినా పొగ పై కిటికీలోకే పోతుంది. మానలేనివారు కనీసం కిందికి దిగి, గేటుకు దూరంగా ఆరుబయటికి పోవాలి.

సుగంధమైనా పొగ పొగే. గురువారం సాయంత్రం మన ఇళ్లలో వేసే లోబాను, పొరుగింట్లో వేసే సాంబ్రాణి, అగరువత్తులు ఉబ్బసం ఉన్నవారికి బాధ కలిగిస్తాయి. కిటికీ తెరిచి, కొద్దిగా వేసుకుంటే చాలు.

ఇల్లాళ్లకు, ఇంటి పెద్దలకు

అనుభవం నేర్పిన కొన్ని పనులు చెబుతాము. వీటిలో ఎక్కువ భాగం ఖర్చు లేనివి.

వంట మొదలుపెట్టడానికి ముందే వీధి తలుపు మూసి, వంటగది కిటికీ తెరవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను పోపు వేసిన తరువాత కాక ముందే వేసి, వంట అయిన తరువాత మరో పావుగంట తిరగనివ్వాలి. రెక్కలకు జిడ్డు పట్టిన ఫ్యాను తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని గాలిని లాగదు. నెలకొకసారి కడగాలి.

చిమ్నీ కొనేవారు ఒక విషయం తెలుసుకోవాలి. గొట్టం ద్వారా గాలిని బయటికి పంపేవి కొన్ని, బొగ్గు వడపోతతో అదే గాలిని మళ్లీ గదిలోకి వదిలేవి కొన్ని. రెండవ రకంలో బొగ్గును సమయానికి మార్చకపోతే ప్రయోజనం తక్కువ. మొదటి రకంలో గొట్టాన్ని ఉమ్మడి సందులోకి వదిలితే మన వాసన పై వారి స్నానాలగదిలో తేలుతుంది. గొట్టం బయటి గాలిలోకి తెరుచుకోవాలి.

ఎండుచేపలు, పాయా, బోటి వంటివి మూత గట్టిగా పట్టే కుక్కరులో వండాలి. చేపల పొలుసు, మాంసం కడిగిన వ్యర్థాలు పొట్లం కట్టి ఆ రోజే పారవేయాలి. మెట్ల కింద పెట్టిన తడిచెత్త బుట్ట వల్ల వచ్చే కంపును చాలాసార్లు వంట మీద వేస్తుంటారు. వాడని స్నానాలగది నేలజాలీలో నీరెండిపోతే మురుగు వాసన పైకి వస్తుంది. వారానికొక చెంబు నీళ్లు పోస్తే ఆగుతుంది. మన ఇంట్లో అలవాటుపడిన వాసన మన ముక్కుకు తెలియదు. కాబట్టి ఊరినుంచి వచ్చిన బంధువును అడిగి తెలుసుకోవడం మంచిది.

బక్రీదు నాడు తలకాయలు, కాళ్లు మిద్దె మీద కాల్చడం కొన్ని చోట్ల చూశాము. వెంట్రుకలు కాలిన వాసన భరించడం మనకే కష్టం. పుంగనూరులో మా బంధువుల వీధిలో రెండేళ్లుగా వాటిని పోగుచేసి, ఊరి వెలుపల కాల్చి ఇచ్చేవారికి అప్పగిస్తున్నారు. కొంత సొమ్ము ఖర్చవుతుంది. కానీ పండుగనాడు పొరుగువారు కిటికీలు మూసుకోవలసిన అవసరం లేకుండా పోయింది. రమజానులో సహరీకి ఘాటైన పోపులు పెట్టకుండా, కూర రాత్రే వండి ఉంచుకోవడం కూడా ఇటువంటి మర్యాదే.

వాసన మన ఇంటికి వచ్చినప్పుడు

ఇప్పటివరకు మన వైపు బాధ్యతను చెప్పాము. అవతలి వైపు మాట కూడా చెప్పాలి. మాంసం వండుతారన్న కారణంతో మన పిల్లలకు ఇల్లు దొరకకపోవడం వాస్తవం. మా వద్ద చదువుకున్న ఒక యువకుడు కొత్తగా పెళ్లయి ఇల్లు వెతుకుతుంటే, అడ్వాన్సు మాట్లాడిన తరువాత పేరు విని ఇద్దరు వెనక్కి తగ్గారు. అక్కడ అడ్డు వచ్చింది వాసన కాదు, ఎందుకంటే అతడింకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనేలేదు. అటువంటి చోట మన ఫ్యాను, చిమ్నీ ఏ సమాధానమూ చెప్పలేవు. అన్యాయాన్ని అన్యాయమనే చెప్పాలి. కానీ ప్రతి ఫిర్యాదునూ ఆ ఖాతాలో వేయడం కూడా అన్యాయమే అవుతుంది.

సింగపూరులో జరిగిన ఒక సంగతి 2011లో పత్రికలకెక్కింది. చైనా నుంచి కొత్తగా వచ్చిన ఒక కుటుంబం పక్కింటి భారతీయ కుటుంబపు కూర వాసన భరించలేమన్నది. మధ్యవర్తుల ఎదుట రాజీ కుదిరింది. చైనా కుటుంబం ఇంట్లో లేనప్పుడే కూర వండాలి, దానికి బదులుగా వారు ఆ కూరను ఒకసారి రుచి చూడాలి. ఈ వార్త విన్న సింగపూరు ప్రజలు, వారిలో చైనీయులు కూడా, ఇదెక్కడి న్యాయమన్నారు. ఆ ఏడాది ఆగస్టు 21న వేలాది ఇళ్లలో కూర వండి పొరుగువారిని పిలిచారు. మనకు ఆ రాజీలో మొదటి భాగం కంటే రెండవ భాగమే నచ్చింది. ఒకరి ఇంట్లో కూర్చొని వారి గిన్నెలోది తిన్న తరువాత ఆ వాసన పరాయిదిగా ఉండదు.

కుప్పంలో ఈ పాఠాన్ని తేలికగా నేర్చుకోవచ్చు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు అది. ఒకే మెట్ల దారిలో తెలుగు, తమిళం, కన్నడం, మన ఇంటి ఉర్దూ వినిపిస్తాయి. విశ్వవిద్యాలయానికీ వైద్య కళాశాలకూ వచ్చిన పిల్లలు నలుగురైదుగురు కలిసి గదులు తీసుకుంటారు. అక్కడ చదివే మా బంధువుల అబ్బాయి, తమ గదిలో చేప వండే రోజును ముందే అందరికీ చెబుతామని, శనివారం మాంసం ముట్టని మిత్రుని కోసం ఆ రోజు పొయ్యి మీద పప్పే ఎక్కుతుందని చెప్పాడు. పెద్దలెవరూ నేర్పకుండానే వారు కుదుర్చుకున్న ఒప్పందం అది.

పొరుగువారి వల్ల మనకు ఇబ్బంది కలిగినప్పుడు వాట్సాప్ గ్రూపులో పదిమంది ఎదుట పెట్టరాదు. యజమానికి ఫిర్యాదు చేయడానికి ముందు స్వయంగా తలుపు తట్టాలి. భోజన సమయంలో పోరాదు, కోపంలో పోరాదు. 'మీ వంట కంపు' అనరాదు. 'మా ఇంట్లో ఫలానావారికి ఊపిరి ఇబ్బంది, ఫలానా సమయంలో పొగ వస్తున్నది' అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ పెద్దమనిషి 'వాసన' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం వల్లనే కదా మూడు నెలలు రెండు కుటుంబాలు పెడముఖంగా ఉన్నాయి.

శాకాహారులైన పొరుగువారికి పండుగనాడు ఏమి పంపాలని కొందరు సోదరీమణులు అడుగుతుంటారు. పండ్లు, ఖర్జూరాలు, కొత్త గిన్నెలో కాచిన షీర్ ఖుర్మా పంపవచ్చు. తీసుకోకపోయినా నొచ్చుకోరాదు. కానుక ముందుగా ఎవరికివ్వాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు, ఎవరి తలుపు దగ్గరగా ఉంటే వారికన్నారు ప్రవక్త (స). అపార్ట్‌మెంటులో ఆ తలుపు మూడడుగుల దూరంలోనే ఉన్నది.

మా విద్యార్థి తండ్రి సిగరెట్టు ఇంకా పూర్తిగా మానలేదు. రోజుకు రెండింటికి వచ్చారని, వాటికోసం వీధి చివరి ఖాళీ స్థలం దాకా నడుస్తున్నారని అబ్బాయి చెప్పాడు. మొన్న రంజాన్ పండుగనాడు ఆ ఇంటికి వెళ్లినప్పుడు మెట్ల మలుపులో మాకు బిర్యానీ వాసన తగిలింది. పై అంతస్తు తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి అవ్వ, "ఎవరు నాయనా, మౌలానా గారా? రండి, కూర్చోండి" అని పిలిచింది. ఆమె పక్కన స్టూలు మీద ఖాళీ అయిన షీర్ ఖుర్మా గిన్నె ఉన్నది.